కొవ్వు రిపోర్టు చూసి పిల్లల మందు ఆపకండి

హెచ్‌ఐవీ మందులు వాడే పిల్లలున్న ఇళ్లలో, చిలకలపూడి నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమ దాకా, ఒక మాట గట్టిగా పాతుకుపోయింది. ఈ మందులు ఏళ్ల తరబడి మింగితే ఒంట్లో కొవ్వు పేరుకుంటుందట, పెళ్లీడు వచ్చేసరికి గుండెజబ్బు పట్టుకుంటుందట. అందుకని పిల్లవాడు కాస్త ఒళ్లు చేసి, చక్కగా బడికి పోతున్నప్పుడు నెలలో కొన్నాళ్లు మందుకు విరామం ఇస్తే మంచిదేనట. దాంతోపాటు పథ్యం: గుడ్డు వద్దు, నూనె వద్దు, చేప వద్దు. తల్లిదండ్రులు పోయి అమ్మమ్మల, నాయనమ్మల చేతుల్లో పెరుగుతున్న పిల్లలు వీళ్లలో ఉన్నారు. ఆ పెద్దవాళ్లకు ఈ సలహా ఇచ్చేది ఊళ్లో ఆర్‌ఎంపీ, మందుల షాపులో కుర్రాడు, ఫోన్లో వీడియో చూసిన చుట్టం. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ ఈ సలహా తప్పు. పిల్లల ప్రాణాలతో ముడిపడ్డ తప్పు కాబట్టి మొహమాటం లేకుండా ఖండించాల్సిందే. చికిత్స మొదలుపెట్టాక కొలెస్టరాల్ కొంత ఆరోగ్యం తిరిగి రావడం వల్ల పెరుగుతుంది, కొంత కొన్ని మందుల వల్ల పెరుగుతుంది. మొదటిదానికి విరుగుడే అక్కర్లేదు. రెండోదానికి విరుగుడు మందు మార్చడం. మందు ఆపడం ఈ రెండింటిలో దేనికీ విరుగుడు కాదు, పైగా గుండెకు అంతకంటే పెద్ద ముప్పు.

అవతలివాళ్ల మాటలో ఉన్న నిజాన్ని ముందే ఒప్పుకుంటాను. కొలెస్టరాల్ పెరుగుతుంది, అది కట్టుకథ కాదు. అమెరికాలో పుట్టుకతో హెచ్‌ఐవీ సోకిన నాలుగేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలు 1,812 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో 13 శాతం మందికి కొలెస్టరాల్ ఎక్కువగా ఉంది. అదే వయసు మామూలు పిల్లల్లో అది 5 శాతం లోపే. ప్రొటియేజ్ ఇన్హిబిటర్ల జాతి మందులు వాడే పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఇక్కడితో ఆగిపోతే మందే దోషి అనిపిస్తుంది. కానీ అదే పిల్లల బృందం మీద 2008లో వచ్చిన మరో విశ్లేషణ చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. రక్తంలో వైరస్ విపరీతంగా ఉన్న పిల్లలకు కొలెస్టరాల్ పెరిగే అవకాశం తక్కువ. మందు సక్రమంగా వేసుకుంటున్న పిల్లలకు ఎక్కువ. అంటే జబ్బు ముదిరిన పిల్లవాడి రిపోర్టు ‘బాగుంది’, కోలుకున్న పిల్లవాడి రిపోర్టు ‘బాగోలేదు’. ఈ ఒక్క సంగతి మీద కాస్త నిలబడి ఆలోచిస్తే చాలు, ఆ అంకెను చూసే మన చూపులోనే ఏదో తేడా ఉందని అర్థమవుతుంది.

తేడా ఎక్కడుందంటే, దేనితో పోలుస్తున్నామన్న దగ్గర. చికిత్స మొదలుపెట్టేనాటికి పిల్లవాడి కొలెస్టరాల్ మామూలు స్థాయిలో లేదు, జబ్బు వల్ల పడిపోయి ఉంది. వైరస్ ఒంట్లో చేరాక మొదట తగ్గేది మంచి కొలెస్టరాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్. కణాల్లోంచి కొలెస్టరాల్‌ను బయటికి తోసే యంత్రాంగాన్ని వైరస్‌కు చెందిన నెఫ్ అనే ప్రొటీన్ దెబ్బతీస్తుందని 2006లోనే తేల్చారు. ఆ తర్వాత చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ కూడా తగ్గుతుంది. జబ్బు ముదిరేకొద్దీ, వైరస్‌తో పోరాడేందుకు ఒళ్లు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాల వల్ల ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వులు పెరుగుతాయి. అంటే మందు ముట్టని పిల్లవాడి ఒంట్లో కూడా కొవ్వుల లెక్క తప్పే ఉంటుంది. కాకపోతే పైకి కనిపించే మొత్తం అంకె చిన్నది కావడంతో ఎవరికీ అనుమానం రాదు. దీన్ని అందరికంటే స్పష్టంగా చూపించింది 2003లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం. హెచ్‌ఐవీ సోకకముందు నుంచే రక్తం నమూనాలు భద్రపరిచిన 50 మంది పురుషులను అందులో గమనించారు. జబ్బు సోకాక వాళ్ల మొత్తం కొలెస్టరాల్ సగటున 30 మిల్లీగ్రాములు, ఎల్‌డీఎల్ 22, హెచ్‌డీఎల్ 12 పడిపోయాయి. చికిత్స మొదలయ్యాక ఎల్‌డీఎల్ దాదాపు 21 మిల్లీగ్రాములు పెరిగి, జబ్బు రాకముందు ఎక్కడుందో అక్కడికే చేరింది. కోలుకోకుండా కిందే ఉండిపోయింది హెచ్‌డీఎల్. వాళ్లు పెద్దవాళ్లే, నిజమే. కానీ పుట్టుకతోనే వైరస్ ఉన్న బిడ్డకు ‘జబ్బుకు ముందు’ అనే అంకే ఉండదు. బిడ్డ అసలు స్థాయి ఎంతో ఎవరికీ తెలియనప్పుడు, పెరిగిన ప్రతి మిల్లీగ్రామునూ మందు ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇక మందుల సంగతి. ‘ఏఆర్‌టీ మందు’ అని అందరం ఒకే మాటగా అంటాం గానీ అది ఒక్క మందు కాదు. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్స మొదలుపెట్టినప్పుడు తొలి విడత రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006 నవంబరు చివర్లో వచ్చింది. ఆ రోజుల్లో పిల్లలకు దక్కిన మాత్రల్లో స్టావుడిన్ ఉండేది. బుగ్గలు పీక్కుపోయి, కాళ్లు చేతులు పుల్లల్లా మారి, పొట్ట మాత్రం ముందుకొచ్చిన పిల్లలను అప్పట్లో చూసినవాళ్ల మనసులో ‘ఈ మందులు ఒంట్లో కొవ్వును తారుమారు చేస్తాయి’ అన్న భయం నాటుకుంది. ఆ భయానికి కారణం స్టావుడిన్. దాన్ని వదిలించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే దేశాలకు చెప్పింది. తర్వాత చిన్నపిల్లలకు లోపినావిర్, రిటోనావిర్ కలిపిన మందు వచ్చింది. నాలుక మీద వేస్తే ఉమ్మేసేంత చేదు సిరప్, అందులో 42 శాతం ఆల్కహాలు. వైరస్‌ను బాగా అణిచింది, కానీ ట్రైగ్లిజరైడ్లను, ఎల్‌డీఎల్‌ను పెంచిన మాట నిజం. ఎఫావిరెంజ్ కూడా కొంత పెంచుతుంది. అదే సమయంలో, ఎఫావిరెంజ్ తోబుట్టువులాంటి నెవిరపిన్ మంచి కొలెస్టరాల్‌ను పెంచుతుంది. ఒకే చికిత్స పేరు కింద ఇన్ని రకాల ఫలితాలున్నప్పుడు ‘మందు కొవ్వు పెంచుతుంది’ అన్న వాక్యానికి ఏ మందు, ఏ కొవ్వు అని చెప్పకపోతే అర్థమే లేదు.

ఇప్పుడు పిల్లల చికిత్సకు వెన్నెముక డోలుటెగ్రావిర్. నాలుగు వారాలు దాటి, మూడు కిలోల బరువున్న బిడ్డ నుంచి అందరికీ దాన్నే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. చిన్నపిల్లలకు అది నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల మాత్రగా దొరుకుతుంది. ఒడిసీ అనే పరిశోధనలో ఉగాండా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా, థాయిలాండ్, యూరప్ దేశాలకు చెందిన 707 మంది పిల్లలకు ఈ మందో, పాత మందులో ఇచ్చి చూశారు. 96 వారాలు గడిచేసరికి పాత మందుల మీదున్న పిల్లల్లో 22 శాతం మందికి చికిత్స విఫలమైంది, కొత్త మందు మీదున్నవాళ్లలో 14 శాతం మందికే. కొత్త మందు వాడిన పిల్లల్లో కొలెస్టరాల్ కూడా తక్కువే. బరువు కాస్త ఎక్కువ పెరిగారు, ఎత్తూ కాస్త ఎక్కువే పెరిగారు. బక్కచిక్కిన పిల్లల విషయంలో దాన్ని దుష్ఫలితంగా చూడనక్కర్లేదు. పదిహేనేళ్ల కిందటి మందులు చేసిన చెడును చూపించి ఈనాటి మాత్రను ఆపమనేవాళ్లు, పిల్లవాడి చేతిలో ఉన్న డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చదవాలి.

రిపోర్టును చదివే పద్ధతి మీదే అసలు పోట్లాట. లిపిడ్ ప్రొఫైల్ అని ల్యాబ్ ఇచ్చే కాగితంలో నాలుగైదు వరుసలుంటాయి. అందరి కళ్లూ మొదటి వరుస మీదే, టోటల్ కొలెస్టరాల్ మీదే పడతాయి. కానీ అది మొత్తం కూడిక. హెచ్‌డీఎల్ పెరిగినా అది పెరుగుతుంది. ఏడాది కిందట 130 ఉన్న పిల్లకు ఇప్పుడు 165 వస్తే ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకుంటారు. అందులో పదో పదిహేనో హెచ్‌డీఎల్ వల్లే పెరిగిందనుకోండి, అది సంతోషించాల్సిన విషయం. పైగా 165 అన్నది పిల్లల ప్రమాణాల ప్రకారం మామూలు అంకే. పిల్లలకు 170 లోపు ఉంటే ఫర్వాలేదు, 200 గానీ అంతకు మించిగానీ ఉంటే ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు ఉండాలి, 130కి చేరితే ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు పదేళ్ల లోపు పిల్లలకు 100, ఆ పైవాళ్లకు 130 చేరితే ఎక్కువ కింద లెక్క. మన ల్యాబ్ కాగితాల మీద సాధారణంగా అచ్చయ్యేవి పెద్దవాళ్ల హద్దులు: టోటల్ 200, ట్రైగ్లిజరైడ్లు 150. దీనివల్ల నష్టమే. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ట్రైగ్లిజరైడ్లు 140 ఉన్నా ‘నార్మల్’ అని పంపించేస్తారు. ఇక పరగడుపు సంగతి. నాగాయలంక నుంచి అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు ఆస్పత్రికి పొద్దున్నే బస్సులో వచ్చే పిల్లవాడికి దారిలో ఇడ్లీ పెట్టించకుండా ఏ అమ్మమ్మ ఉంటుంది? ఆ ఇడ్లీ తిన్న రెండు గంటలకు తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనిపించొచ్చు. ఆ ఒక్క అంకె పట్టుకుని జీవితాంతం వాడాల్సిన మందు మీద తీర్పు చెప్పడం ఎంత అన్యాయం!

మందు ఆపితే గుండె బాగుపడుతుందా? దీనికి జవాబు వెతుక్కోనక్కర లేదు, ఎప్పుడో దొరికింది. స్మార్ట్ అనే పరిశోధనలో 33 దేశాల్లో 5,472 మంది పెద్దవాళ్లను తీసుకుని, సగం మందికి నిరంతరం మందు ఇచ్చారు, సగం మందికి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగున్నంత కాలం ఆపి, తగ్గినప్పుడు మళ్లీ ఇచ్చారు. దుష్ఫలితాలు తగ్గుతాయని, గుండె, కాలేయం, మూత్రపిండాలు తెరిపిన పడతాయని ఆశ. సరిగ్గా మన ఊళ్లలో వినిపించే ఆశే అది. 2006 జనవరిలో ఆ పరిశోధనలోకి కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు, ఎందుకంటే విరామం ఇచ్చినవాళ్లలోనే చావులు ఎక్కువ, గుండె, మూత్రపిండాలు, కాలేయానికి సంబంధించిన పెద్ద జబ్బులూ ఎక్కువే. కొలెస్టరాల్ తగ్గించి గుండెను కాపాడదామనుకుంటే, విజృంభించిన వైరస్ రగిల్చిన ఇన్‌ఫ్లమేషన్ ఆ గుండెనే దెబ్బతీసింది. పిల్లల గుండె గురించి విడిగా సాక్ష్యం కావాలంటే అదీ ఉంది. సమర్థమైన చికిత్స రాకముందు 1990లలో హెచ్‌ఐవీ పిల్లల్లో గుండె కండరం బలహీనపడి, గది సాగిపోయే జబ్బు కనిపించేది. ఆనాటి పిల్లల గుండె కొలతలను చికిత్స అందిన తర్వాతి తరం పిల్లల కొలతలతో పోల్చి 2013లో ప్రచురించిన అధ్యయనం, మందులు పిల్లల గుండె నిర్మాణాన్నీ పనితీరునూ కాపాడాయని చెప్పింది. ఇక మొదటి ప్రశ్న గుండెది కూడా కాదు, బతుకుది. మందు లేకపోతే పుట్టుకతో వైరస్ సోకిన పిల్లల్లో సగం మంది రెండో పుట్టినరోజు చూడరని ఆఫ్రికా అధ్యయనాలు కలిపి చూసి 2004లో తేల్చారు. పసికందులకు వెంటనే మందు మొదలుపెడితే చావులు 76 శాతం తగ్గుతాయని 2008లో దక్షిణాఫ్రికా పరిశోధన చూపించింది.

చదువుకున్నవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం తెస్తారు. వారంలో ఐదు రోజులు మందు వేసుకుని రెండు రోజులు మానినా వైరస్ అదుపులోనే ఉందని బ్రీదర్ అనే పరిశోధన 2016లో చెప్పలేదా అని. చెప్పింది. కానీ ఎవరి మీద? ఎఫావిరెంజ్ ఉన్న మందులు వాడుతూ, అప్పటికే వైరస్ పూర్తిగా అణిగిన 8 నుంచి 24 ఏళ్ల 199 మంది మీద, పరిశోధకుల కనుసన్నల్లో, తరచూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కొలుస్తూ. ఎఫావిరెంజ్ ఒంట్లో చాలాసేపు నిలిచి ఉండే మందు కాబట్టి ఆ రెండు రోజులు నెట్టుకురాగలిగారు. సంక్రాంతికి చుట్టాలింటికి వెళ్లినప్పుడు వారం రోజులు మానేయడానికి అది అనుమతి పత్రం కాదు. మందు ఆగిన కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. అరకొర మందు మధ్య పెరిగిన వైరస్ ఆ మందుకు లొంగకుండా మారుతుంది. ఆ స్థితికొచ్చిన పిల్లవాడికి వైద్యులు ఇవ్వాల్సి వచ్చే రెండో వరుస మందులు సాధారణంగా రిటోనావిర్ కలిసినవే, అంటే కొలెస్టరాల్‌ను నిజంగా పెంచేవే. కొవ్వుకు భయపడి మందు మానిపించినవాళ్లు చివరికి పిల్లవాడిని కొవ్వు పెంచే మందు దగ్గరికే చేరుస్తున్నారు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. దాన్ని దాటవేయను. చికిత్సలో ఉన్న పిల్లల రక్తనాళాలు కూడా పూర్తిగా మామూలుగా లేవు. లండన్ పరిశోధకులు 2005లో హెచ్‌ఐవీ పిల్లల మెడ ధమని గోడలు మందంగా ఉన్నాయని, రక్తనాళాలు సరిగ్గా వ్యాకోచించడం లేదని, ప్రొటియేజ్ ఇన్హిబిటర్లు వాడినవాళ్లలో ఇది ఇంకా ఎక్కువని చూపించారు. పైగా దక్షిణాసియా వాళ్లం మనం. మనవాళ్లకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53, మిగతా ప్రపంచంలో దాదాపు 59 అని ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. కాబట్టి ‘బతికితే చాలు, కొలెస్టరాల్ ఎవరికి కావాలి’ అనే నిర్లక్ష్యాన్ని కూడా నేను ఒప్పుకోను. పన్నెండేళ్ల పిల్లవాడు ఇంకో యాభై ఏళ్లు ఈ మందులు వాడాలి, ఆ యాభై ఏళ్ల గుండె ఆరోగ్యం ఇప్పుడే మొదలవుతుంది. కానీ ఈ ఆధారాలు ఏ వైపు చూపిస్తున్నాయి? పాత మందు మీదున్న పిల్లవాడిని వీలైతే కొత్త మందుకు మార్చమని, వైరల్ లోడ్ ఎప్పుడూ అణిగి ఉండేలా చూడమని, రక్తపోటు, బరువు, పెద్దపిల్లల్లో పొగ అలవాటు గమనించమని, పరగడుపున లిపిడ్లు కొలవమని. ఎంత చేసినా ఎల్‌డీఎల్ దిగకపోతే పదేళ్లు దాటిన పిల్లలకు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు ఇవ్వొచ్చు, అది వైద్యుడు తేల్చాలి. బయట షాపులో కొని వేయడం ప్రమాదం. సిమ్‌వాస్టాటిన్, లోవాస్టాటిన్‌లను రిటోనావిర్‌తో కలపకూడదు, కలిపితే కండరాలు విచ్ఛిన్నమై మూత్రపిండాలు దెబ్బతినొచ్చు.

ఇక పథ్యం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బడిలో మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డును ‘కొవ్వు’ అని ఈ పిల్లలతో మాన్పిస్తున్నారు. లక్షణాలు లేని హెచ్‌ఐవీ పిల్లలకు కూడా మామూలు పిల్లల కంటే పది శాతం ఎక్కువ శక్తి కావాలని, బరువు తగ్గిపోతున్న పిల్లలకు యాభై నుంచి వంద శాతం ఎక్కువ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు గ్రాముల మంచి మాంసకృత్తులిచ్చే గుడ్డును లాక్కుని బదులేం పెడుతున్నాం? మరో గరిటెడు సన్నబియ్యం అన్నం, బేకరీ పఫ్, కూల్‌డ్రింకు. తిండిలో కొలెస్టరాల్‌కు రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దు పెట్టిన అమెరికా పోషకాహార మార్గదర్శకాలే 2015లో ఆ హద్దును తీసేశాయి. ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా పెంచేది తెల్లన్నం, చక్కెర. ఎల్‌డీఎల్‌ను పాడు చేసేది డాల్డా లాంటి వనస్పతి. నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించకూడదని 2022 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది అందుకే. గిలకలదిండి రేవులో దిగే చిన్న సముద్రపు చేపల కొవ్వు ట్రైగ్లిజరైడ్లను తగ్గించే రకం. కృష్ణా డెల్టాలో పుట్టిన పిల్లవాడికి చేప మాన్పించి కూల్‌డ్రింకు పోసే పథ్యం గుండెకు మేలు చేయదు.

ఈ లెక్కలన్నీ ఆఫ్రికావి, అమెరికావి, మన పిల్లలకెలా వర్తిస్తాయని కొందరంటారు. వైరస్ ఒంట్లో చేసే పని బందరులోనూ హరారేలోనూ ఒకటే. ఒడిసీలో పాల్గొన్న పిల్లల్లో ఎక్కువమంది మనకంటే సంపన్నుల పిల్లలు కారు. ఆఫ్రికా పిల్లలు మింగే మాత్రల్లో చాలావాటిని తయారుచేసేది మన హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న కంపెనీలే. ఆ మాత్రల మీద అక్కడి తల్లులకున్న నమ్మకం, వాటిని తయారుచేసే నేల మీద పుట్టిన అమ్మమ్మలకు లేకుండా పోవడానికి తప్పు అమ్మమ్మలది కాదు. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పనిది మనం.

2021 అంచనాల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ రేటు దేశమంతటా 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, అంటే మూడింతలు. ఇంత భారం మోస్తున్న రాష్ట్రంలో పిల్లల లిపిడ్ రిపోర్టుకు ఒక పద్ధతంటూ ఉండాలి. బందరు ఏఆర్‌టీ కేంద్రంలో వైరల్ లోడ్ కోసం ఏడాదికోసారి రక్తం తీసే రోజే లిపిడ్ ప్రొఫైల్‌కూ అదే సూదితో రక్తం తీయొచ్చు. ముందురోజే ఫోన్ చేసి పరగడుపున రమ్మని చెప్పొచ్చు, రక్తం తీశాక ఆస్పత్రిలోనే టిఫిన్ పెట్టొచ్చు. కాగితం మీద పిల్లల హద్దులు తెలుగులో అచ్చు వేయించడానికి కోట్లు అక్కర్లేదు. ఆ అంకెల పక్కనే వైరల్ లోడ్ ఎంతో, పిల్లవాడు ఏ మందు మీద ఉన్నాడో రాస్తే, గుడివాడలోనో అవనిగడ్డలోనో ఆ కాగితం చూసే ఏ డాక్టరైనా సరైన ప్రశ్న అడగగలుగుతాడు: ఈ పిల్లవాడికి ఇంకా పాత మందే ఎందుకు ఇస్తున్నారు?